నానావిషయ పట్టమునకు వలయు నర్హతలు

ఉన్నత పాఠశాల విడిచి కళాశాలకు బోవనున్న విద్యార్థులలో గొందఱికి ఒక్క విషయముమీదనే మనసు నిలువదు. చరిత్ర చదువునప్పుడు చరిత్రయే ప్రీతికరముగా నుండును. వృక్షశాస్త్ర పాఠమున ఆకును గోసి సూక్ష్మదర్శినిలో జూచునప్పుడు అదియే లోకమనిపించును. లెక్కలలోను వారు వెనుకబడినవారు కారు. ఇట్టివారిని జూచి ఇంటిలోని పెద్దలు "వీనికి నిలుకడ లేదు" అని చింతించుట కలదు. ఆ చింత యన్నివేళల న్యాయమైనది కాదు. పెక్కు శాస్త్రములను గలిపి చదివి పట్టభద్రులగుటకు నేడు మార్గము లున్నవి. అయితే ఆ మార్గములకు గొలతలు, కట్టుబాట్లు నున్నవి. వానిని ముందుగా దెలిసికొననియెడల, మూడేండ్లు శ్రమించి సంపాదించిన పట్టము తాము కోరిన ద్వారమును దెఱువక పోవచ్చును. కావున ఈ వ్యాసమున ఆ కట్టుబాట్లను వివరించెదను.

మొదట క్రెడిట్టు అను మాటను గ్రహింపవలయును. అంగడిలో క్రెడిట్టు అనగా అరువు. కళాశాలలో క్రెడిట్టు అనగా ఆర్జన. వారమునకు ఒక గంట చొప్పున పదునైదు వారములు పాఠము విని, ఆ పాఠమున నుత్తీర్ణుడైన విద్యార్థికి ఒక క్రెడిట్టు లభించును. అనగా 15 గంటల ఉపన్యాసమునకు ఒక క్రెడిట్టు. ప్రయోగశాలలో చేతితో జేయు పనికి మాత్రము 30 గంటలకు ఒక క్రెడిట్టు. బయటి సంస్థలలో పని నేర్చుకొనుటకును ఇదే లెక్క.

ఈ కొలత పుట్టినది అమెరికా దేశమున. హార్వర్డునకు 1869లో అధ్యక్షుడైన చార్లెసు ఎలియట్టు, విద్యార్థులు తమ పాఠములను దామే యెన్నుకొను పద్ధతిని మిక్కిలి విస్తరింపజేసెను. అందఱు నొకే పాఠములను జదువుచున్నంతకాలము "రెండవ సంవత్సరము ముగించెను" అని చెప్పిన జాలియుండెను. ఒక్కొక్కరు ఒక్కొక్క దారిని బోవ నారంభించినప్పుడు ఎవ్వరెంత చదివిరో చెప్పుటకు కొలతబద్ద యొకటి కావలసివచ్చెను. గంటల లెక్క అట్లు వాడుకలోనికి వచ్చినది.

ఆ దేశమునందలి మిషిగను విశ్వవిద్యాలయము సామాన్య విద్యా పట్టమని యొక పట్టము నిచ్చుచున్నది. అందు ప్రధాన విషయమను మాటయే లేదు. మొత్తము 120 క్రెడిట్టులు కావలయును. వానిలో 60 పై తరగతుల పాఠములనుండియే రావలయును. ఆ 60లో ఏ యొక్క శాఖనుండియు 20కి మించి లెక్కకు రావు. ఈ రెండు కంచెలను వేసినవారి యోచన మెచ్చదగినది. మొదటి కంచె లేనియెడల సోమరియైన విద్యార్థి ప్రతి శాస్త్రమునందును తొలి పాఠములను మాత్రమే రుచిచూచి, ఏ శాస్త్రపు లోతునకును దిగకయే పట్టము బుచ్చుకొనును. రెండవది లేనియెడల ఒకే శాఖను జదివి దానికి సామాన్యమని పేరు పెట్టుకొనును. స్వేచ్ఛ యున్నది గాని, దానిని రెండు వైపుల నుండి కాపాడిన పిమ్మటనే యిచ్చిరి.

ఇక మన దేశపు సంగతి. 2020లో ప్రకటింపబడిన జాతీయ విద్యావిధానము ననుసరించి, విశ్వవిద్యాలయ నిధుల సంఘము, అనగా యు.జి.సి., 2022 డిసెంబరులో పట్టవిద్యకు నూతన ప్రణాళికను వెలువరించినది. దాని ప్రకారము మూడేండ్ల పట్టమునకు 120 క్రెడిట్టులు, నాలుగేండ్ల ఆనర్సు పట్టమునకు 160 క్రెడిట్టులు వలయును. మూడేండ్లకు ఆఱు సెమిస్టరులు గనుక సెమిస్టరునకు 20 క్రెడిట్టులు పడును. లెక్కలు నేర్చినవారు చేసి చూడుడు: అన్నియు ఉపన్యాసములే యైనయెడల వారమునకు 20 గంటలు, మూడేండ్లకు 1800 గంటలు. ఇంటివద్ద జదువుకొను గంటలు ఇందు జేరలేదు. "కళాశాల చదువనగా తీరికయే" అని తలచువారు ఈ యంకెను మఱియొకసారి చూడవలయును.

ఆ 120 క్రెడిట్టులు ఎట్లు పంపకమైనవనగా, ప్రధాన విషయమునకు 60, ఉపవిషయమునకు 24, బహుశాస్త్ర పాఠములకు 9, భాషాసామర్థ్యమునకు 8, వృత్తినైపుణ్యమునకు 9, పరిసరముల విద్య, భారతదేశ పరిచయము, ఆరోగ్యము, క్రీడలు మొదలగు ఉమ్మడి పాఠములకు 6 మొదలు 8, వేసవిలో చేయు పనినేర్పునకు 2 మొదలు 4. ఇవి కనీసపు కొలతలు. విశ్వవిద్యాలయములు వీనిని గొంత హెచ్చుతగ్గులుగా నేర్పఱచుకొనుట కలదు.

ఇందు బహుశాస్త్ర పాఠములని చెప్పబడిన 9 క్రెడిట్టులను గూర్చి విద్యార్థులు సాధారణముగా అశ్రద్ధ చేయుదురు. ఇవి మూడేసి క్రెడిట్టుల మూడు పాఠములు. ప్రకృతి భౌతిక శాస్త్రములు, గణితము, గణాంకము, కంప్యూటరు విద్య, గ్రంథాలయ, వార్తా శాస్త్రములు, వాణిజ్యము, మానవ, సామాజిక శాస్త్రములు అను అయిదు రాశులనుండి వానిని ఎన్నుకొనవలయును. ఇంటర్మీడియటులో చదివిన విషయములనే యిచ్చట మరల ఎన్నుకొనగూడదని నియమ మున్నది. తెలిసినదానినే తిరిగి చదివి సులభముగా మార్కులు దెచ్చుకొనవలెనను వారికి ఈ నియమము రుచింపదు. నాకు మాత్రము ప్రణాళిక యంతటిలో ఇదియే మిక్కిలి నచ్చిన నియమము. వాణిజ్యము చదువు బాలుడు మూడు నెలలైనను నక్షత్రములను గూర్చి వినుట వలన వాని లెక్కలేమియు దప్పిపోవు.

పైని జెప్పిన 60 క్రెడిట్టుల ప్రధాన విషయము ఒక్క శాస్త్రమే కానక్కఱలేదు. నానావిషయ పట్టము కోరువారు గమనింపవలసిన ముఖ్యాంశ మిదియే. ప్రధాన భాగమును జీవశాస్త్రములని పెట్టుకొన్నవాడు దానిని వృక్షశాస్త్రము, జంతుశాస్త్రము, మానవ జీవశాస్త్రము అను వానికి బంచుకొనవచ్చును. అట్లే అర్థశాస్త్రము, గణాంకము, గణితము మూడును గలిసి ఒక ప్రధాన విషయము కావచ్చును. మన తెలుగునాట చాలకాలము నడచిన మూడు విషయముల గ్రూపు పద్ధతి, అనగా బి.జెడ్.సి., ఎం.పి.సి., హెచ్.ఇ.పి. అని మీ యన్నలును అక్కలును జెప్పుకొనినది, దీనికి దగ్గఱి చుట్టమే. ఆంధ్రప్రదేశమున 2023-24 విద్యాసంవత్సరమునుండి ఏకప్రధాన విషయ పద్ధతి ప్రవేశపెట్టబడినప్పుడు పాత గ్రూపులు పోయెనని విచారించినవారు పెక్కుమంది. ప్రణాళికలో ద్వారమున్నను, ప్రతి కళాశాలయు దానిని దెఱచి యుంచదు. అధ్యాపకులు చాలనిచోట ఎన్నిక యనునది కాగితముమీదనే నిలిచిపోవును. కావున ప్రణాళికను జదువుట యొక పని, మీరు చేరబోవు కళాశాలలో నిజముగా జెప్పు పాఠముల పట్టికను జూచుట మఱియొక పని. రెండవది విడువరాదు.

మన పాఠశాలలో జదువువారిలో కూలిపని, చేనేత, చేపలవేట చేసికొను కుటుంబములనుండి వచ్చినవారు కలరు. వారికి తక్కిన నియమములన్నిటికంటె ముఖ్యమైనది చదువు నడుమ ఆగుటను గూర్చిన నియమము. పూర్వము తండ్రి జబ్బుపడియో, చెల్లెలి పెండ్లి వచ్చియో ఒక యేడు చదివి మానివేసిన విద్యార్థికి చేతికేమియు దక్కెడిది కాదు. పరీక్ష నిచ్చినను, తెచ్చుకొన్న మార్కులు పెట్టెలో నుండి చీడపట్టెడివి. నూతన ప్రణాళికలో మొదటి సంవత్సరమున 40 క్రెడిట్టులు సంపాదించి, వేసవిలో 4 క్రెడిట్టుల వృత్తిపాఠ మొకటి ముగించి నిలిచిపోవువానికి సర్టిఫికెటు లభించును. రెండేండ్లకు 80 క్రెడిట్టులు, అట్లే 4 క్రెడిట్టుల వృత్తిపాఠమును ఉన్నయెడల డిప్లొమా లభించును. వెళ్ళినవాడు మూడేండ్లలోపల తిరిగి రావచ్చును. మొత్తము ఏడేండ్లలోపల పట్టమును ముగింపవలయును. ఆ 4 క్రెడిట్టుల వేసవి పాఠమును మఱచినవానికి 40 క్రెడిట్టులున్నను సర్టిఫికెటు రాదు. ఇంటి పరిస్థితి నిశ్చయముగా లేనివారు మొదటి వేసవిలోనే ఆ పాఠమును ముగించి యుంచుకొనుట మేలు.

సంపాదించిన క్రెడిట్టులను భద్రపఱచుటకు 2021లో క్రెడిట్టుల బ్యాంకు స్థాపింపబడినది. ఇందు ధనముండదు, విద్యార్థి పేర క్రెడిట్టుల ఖాతా యుండును. ఒక కళాశాలలో సంపాదించినది మఱియొక కళాశాలలో లెక్కకు దెచ్చుకొనుటకు ఇది సాధనము. అయినను, పట్టము నిచ్చు సంస్థలో సగము క్రెడిట్టులైనను సంపాదించియుండవలెనని నియమము. ఖాతాలోని క్రెడిట్టులకు ఏడేండ్లు ఆయుర్దాయము. తలాంతును భూమిలో బాతిపెట్టిన దాసుని కథ మీరు ఆదివారపు బడిలో వినియున్నారు. వాని తలాంతు తరుగకయైనను ఉండెను. ఈ బ్యాంకులో బాతిపెట్టినది గడువు దాటిన పిమ్మట చెల్లకయే పోవును. స్వయం అను సర్కారువారి యంతర్జాల పాఠములద్వారా సెమిస్టరు పాఠములలో నూటికి 40 వఱకు చదువుటకు విశ్వవిద్యాలయములు అనుమతింపవచ్చును. తమ కళాశాలలో లేని శాస్త్రమును జదువగోరు పల్లెటూరి విద్యార్థికి ఇది గొప్ప సహాయము. ఉద్యోగము విడువలేనివారికి 1982లో హైదరాబాదున స్థాపింపబడి, నేడు అంబేద్కరు పేర బిలువబడు సార్వత్రిక విశ్వవిద్యాలయమును గలదు.

ఇక మొదట జెప్పిన ద్వారముల సంగతి. సివిలు సర్వీసు పరీక్షకు, రాష్ట్రపు గ్రూపు ఒకటి పరీక్షకు గుర్తింపుగల విశ్వవిద్యాలయపు పట్టము ఏదైనను జాలును. అందు నానావిషయ పట్టము గలవారికి లోటేమియు లేదు. చరిత్రయు, విజ్ఞానమును, అర్థశాస్త్రమును దెలిసినవారికి ఒకింత మేలు కూడ. బి.ఎడ్.లో జేరుటకు సాధారణముగా పట్టమున నూటికి 50 మార్కులు వలయును. ఇంతవఱకు చిక్కు లేదు. చిక్కు ఉపాధ్యాయ పదవికి వచ్చునప్పుడు కలుగును. మన రెండు రాష్ట్రముల నియామక ప్రకటనలలో స్కూలు అసిస్టెంటు పదవికి, ఆ విషయము పట్టములో ప్రధానముగనో ఐచ్ఛికముగనో యుండవలెననియు, బి.ఎడ్.లో దాని బోధనాపద్ధతిని జదివియుండవలెననియు గోరుట వాడుక. గణితమును 3 క్రెడిట్టుల పాఠముగా మాత్రమే చదివినవాడు గణితమున నెంత నేర్పరియైనను గణితోపాధ్యాయుడు కాజాలడు. ఎం.ఎ., ఎం.ఎస్‌సి. తరగతులలో జేరునప్పుడును ఇట్టి ప్రశ్నయే యెదురగును. ఉపాధ్యాయులు కావలెనని యీ పాఠశాలలో ప్రతి సంవత్సరమును జెప్పు బాలికలు చాలమంది కలరు. వారు రుచులను బంచుకొనుటకు ముందు, తాము బోధింపగోరు విషయమునకు ప్రధాన భాగమునగాని, 24 క్రెడిట్టుల ఉపవిషయముగగాని స్థానమిచ్చి, ఆ స్థానము నియామకమునకు జాలునో లేదో విచారించుకొని, మిగిలిన వానిని ఇచ్చవచ్చినట్లు నింపుకొనవలయును.

నాలుగవ యేడు చదువవలెనా యని కొందఱడుగుదురు. పరిశోధనతో గూడిన ఆనర్సు గోరువారికి మొదటి ఆఱు సెమిస్టరులలో నూటికి 75 మార్కులుండవలయును. నాలుగవ యేట 12 క్రెడిట్టుల పరిశోధన చేయవలయును. పరిశోధన యందు ప్రీతి లేనివారికి మూడేండ్లే చాలును.

తుదకొక చిన్న సంగతి. క్రెడిట్టుల ఖాతాకు పండ్రెండంకెల సంఖ్య యుండును. అది విద్యార్థి పేరును, ఆధారు పత్రమును అనుసరించి తెఱువబడును. మన క్రైస్తవ కుటుంబములలో బాప్తిస్మపు పేరొకటి, ఇంటిలో బిలుచు పేరొకటి, బడిలో వ్రాయించినది వేఱొకటి యగుట సామాన్యము. ఆధారు పత్రములోని పేరును పదవ తరగతి పత్రములోని పేరును ఒక్క యక్షరమైనను తేడా లేక సరిపోవుచున్నవో లేదో యిప్పుడే చూచుకొనుడు. తేడా యున్నయెడల మీ పేరు పదవ తరగతి పరీక్షకు బంపక మునుపే ప్రధానోపాధ్యాయులవారికి దెలిపి దిద్దించుకొనుట సులభము.