పురుషోత్తమ చౌదరి కీర్తనలు: పాటయందు నిలిచిన భాష

పరభాషా ప్రాంతమున స్థిరపడిన తెలుగు కుటుంబములకు మాతృభాషను నిలుపుకొను మార్గ మేదియని మన బడిపిల్లల తల్లిదండ్రులు తరచుగా అడుగుచుందురు. బడిలో వాచకము గలదు. ఇంటిలో మాట గలదు. కాని గడప దాటినంతనే మరియొక భాష పిల్లల చెవిని సోకుచున్నది. ఈ ప్రశ్నకు పందొమ్మిదవ శతాబ్దపు తెలుగు క్రైస్తవ కీర్తనల చరిత్రయందు తగిన సమాధానము గలదని మేము తలంచుచున్నాము. ఏ మతమునకు చెందినవారైనను భాషాదృష్టితో పరిశీలింపదగిన చరిత్ర ఇది.

1805లో లండను మిషనరీ సంఘమునుండి జార్జి క్రాన్, అగస్టస్ డే గ్రాంజి అను ఇరువురు విశాఖపట్టణము చేరి, తెలుగు నేర్చి, బైబిలును తెనిగింప నారంభించిరి. వారి పూనికతో సిద్ధమైన సువార్తలు 1812లో వంగదేశమందలి శ్రీరామపురమున అచ్చయ్యెను. అప్పటికే ఆ ఇరువురును గతించిరి. గ్రంథము వెలువడినది గాని, దానిని చదువగలవారు బహు కొలదిమంది. పాశ్చాత్య బాణీలలో పాడుటకు ఆంగ్లగీతములను తెనిగించినను మరియొక చిక్కు కలిగినది. మన భాషలో హ్రస్వదీర్ఘములు అర్థమునే మార్చును. బాణీ కొరకు 'పలు' అను మాటను సాగదీసినచో అది 'పాలు' అగును. 'కల' సాగినచో 'కాల' మగును. భావము పవిత్రమైనదే యైనను మాట చెవికి పరాయిదిగా తోచెడిది.

ఈ కొరతను తీర్చినవారిలో ముఖ్యుడు పురుషోత్తమ చౌదరి. ఆయన 1803లో పర్లాకిమిడి ప్రాంతమున బ్రాహ్మణ కుటుంబమునందు జన్మించెను. నేడు ఒడిశాలో నున్న పర్లాకిమిడి, తెలుగు ఒడియా భాషలు రెండును వినవచ్చు సీమ. ఆయన పూర్వులు వంగదేశమువారని చెప్పుదురు. అనగా వంశమునుబట్టి గాక, అభ్యాసమునుబట్టియే తెలుగు ఆయన సొత్తయ్యెను. 1833లో కటకమునందు ఆయన బాప్తిస్మము పొందెను. ఆనాటి బ్రాహ్మణ కుటుంబీకునకు మతము మారుట యనగా బంధువర్గమునకు దూరమగుటయే. పిదప, 1890లో మరణించువరకు, దీర్ఘకాలము ఆయన బోధకుడుగా మెలగెను. కులాచారములను, విగ్రహారాధనను విమర్శించుచు చిన్న పొత్తములను సైతము రచించెను. అవి నేడు పండితుల పరిశోధనకే పరిమితములు. ఆయన కీర్తనలన్ననో, 'ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు' అను సంపుటముద్వారా నేటికిని తెలుగు సంఘములలో పాడబడుచున్నవి. వాదము ప్రతివాదమును పుట్టించును. పాట హృదయమును చేరును.

ఆ కీర్తనలు నిలుచుటకు కారణము వాని నిర్మాణమునందు గలదు. అన్నమాచార్యులు, రామదాసు మొదలగువారు నడచిన బాటనే చౌదరియు నడచెను. పల్లవి, అనుపల్లవి, చరణము అను విభాగములు, రాగతాళములు, యతిప్రాసలు అన్నియు మనవే. పల్లవి మరల మరల వచ్చుటచేత సభయంతయు దానిని అందుకొనును. చరణమును ఒకరు పాడగా తక్కినవారు విందురు. రెండవ అక్షరమున ప్రాస కుదురుటచేత తరువాతి పాదము తనంతట తానే నాలుకపైకి వచ్చును. ఈ విధముగా అక్షరము రానివారికి సైతము పాటయే పుస్తకమైనది. క్రొత్త విశ్వాసమును బోధించుటకు ఆయన క్రొత్త బాణీని వెదకలేదు. జనుల చెవికి పరిచితమైన దానినే గ్రహించెను.

దీని ప్రయోజన మెంతటిదో ఆ శతాబ్దపు ఉత్తరార్ధమున తేటపడినది. 1876-78 నాటి మహాక్షామము తరువాత, 1878 జూలై 3న, ఒంగోలు ప్రాంతమున గుండ్లకమ్మ యేటియొద్ద ఒక్కదినమున 2,222 మంది బాప్తిస్మము పొందిరి. వారిలో అత్యధికులు చదువునకు దూరముగా నుంచబడిన మాదిగ కులస్థులు. అట్టి సంఘములలో ఆరాధనకు కంఠస్థమైన పాటయే ముఖ్యాధార మయ్యెను. పాటతో మొదలైన అభ్యాసము పిమ్మట బడికిని, అక్షరమునకును దారి చూపినది.

ఇది తెలుగునకు మాత్రమే చెందిన విశేషము గాదు. మనవారు నివసించు ఇతర సీమలలోను ఇట్టిదే జరిగినది. తంజావూరున వేదనాయక శాస్త్రి (1774-1864) కురవంజి మొదలగు దేశీయ ప్రక్రియలలో క్రైస్తవ తమిళ కృతులను రచించెను. ఆ కాలముననే, సమీపమునగల తిరువైయారున త్యాగరాజస్వామి (1767-1847) తమిళుల నడుమ తెలుగు కృతులను గానము చేయుచుండెను. తిరునెల్వేలి సీమకు చెందిన కృష్ణ పిళ్ళై, వైష్ణవ కుటుంబమున పుట్టి క్రైస్తవుడై, కంబరామాయణ ఫక్కిలో 'రక్షణ్య యాత్రికము'ను రచించి 1894లో ప్రకటించెను. మహారాష్ట్రమున 1895లో క్రైస్తవుడైన నారాయణ వామన తిలక్, తుకారాము నడిపిన అభంగ మార్గముననే భక్తిగీతములు పాడెను. వీరిలో మతమును మార్చుకొనినవారు సైతము తమ నాలుకను మార్చుకొనలేదు.

తల్లిదండ్రులారా, మేము ఈ కథను చెప్పుటకు కారణ మిదియే. సభలలో మాతృభాష ఔన్నత్యమును గూర్చి మనము ఎంత పలికినను, అది పిల్లలకు ఉపన్యాసముగనే తోచును. తల్లి యొడిలో విన్న పాట మాత్రము వారితో కూడ పెరుగును. మీ యింట రామదాసు కీర్తన యుండవచ్చును, క్రైస్తవ కీర్తన యుండవచ్చును, అవ్వ పాడిన జోలపాట యుండవచ్చును. ఏదియైనను దినమున కొకసారి పిల్లలతో కలిసి పాడుడు. పల్లవిని వారికి విడిచి, చరణమును మీరందుకొనుడు. తెలియని మాట తగిలినప్పుడు దాని యర్థమును అచ్చటనే చెప్పుడు. ప్రాస యెచ్చట పడినదో వారినే కనుగొననిండు. దీనికి రుసుము లేదు, ప్రత్యేక గది యక్కరలేదు. కాలుగంట తీరిక చాలును.

బడి అక్షరమును నేర్పగలదు, పరీక్షను నడుపగలదు. కాని ఇంట వినబడని భాషను బడి యొక్కటియే బ్రతికింపజాలదు. వంశమున తెలుగువాడు గాని చౌదరి తెలుగును పాటగా మలచి, వేలాది కుటుంబముల కందించెను. తెలుగింట పుట్టిన మన పిల్లలకు ఆ పాటను అందకుండ జేసినచో, ఆ లోపము పొరుగు భాషది గాదు, మనదే.