ఆసు యంత్రం ఎలా పుట్టింది?

జాకెట్టు కుట్టడం నేర్చుకునేవాళ్లను కొత్త గుడ్డ మీద కత్తెర పెట్టనిస్తారా? పెట్టనివ్వరు. ముందు పాత పేపరు మీద గీయమంటారు. దాన్ని కత్తిరించమంటారు. తర్వాత పాత చీర ముక్కతో కుట్టి, తొడిగి చూడమంటారు. చంక దగ్గర బిగిస్తే విప్పి మళ్లీ కుట్టొచ్చు. చెడిపోయినా పోయేది పాత గుడ్డే కదా!

ఇలా ముందుగా చేసి చూసుకునేదాన్ని నమూనా అంటారు.

కొన్ని నమూనాలు చూడటానికే పనికొస్తాయి. కొండపల్లి ఎడ్లబండి బొమ్మ ఉంది. అచ్చం బండిలాగే ఉంటుంది. బండి ఎలా ఉంటుందో పిల్లలకు చూపించొచ్చు. కానీ ఆ బండి బస్తా మోస్తుందా? మోయదు. బరువు మోస్తుందో లేదో తెలియాలంటే పనిచేసే నమూనా కావాలి. అది అందంగా లేకపోయినా ఫరవాలేదు.

అలాంటి పనిచేసే నమూనా కోసం ఒకాయన ఏడేళ్లు కష్టపడ్డారు. ఆయన పేరు చింతకింది మల్లేశం. ఊరు ఆలేరు దగ్గర శారాజీపేట. అప్పుడది నల్గొండ జిల్లా. ఇప్పుడు యాదాద్రి భువనగిరి జిల్లా. వాళ్లది నేత కుటుంబం.

పోచంపల్లి చీర చూసే ఉంటారు. దాని మీది పువ్వులు, గళ్లు నేసిన తర్వాత అద్దినవి కావు. నేయకముందే దారానికి అక్కడక్కడ గట్టిగా కట్లు కట్టి రంగులో ముంచుతారు. కట్టు ఉన్నచోట రంగు ఎక్కదు. అయితే కట్లు కట్టాలంటే ముందు దారాన్ని లెక్క ప్రకారం పేర్చుకోవాలి. దాన్నే ఆసు పోయడం అంటారు.

ఒక పక్క ఒక మేకు ఉంటుంది. దానికి ఎదురుగా అర్ధచంద్రంలాగా వరసగా మేకులు ఉంటాయి. దారాన్ని ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు తిప్పుతూనే ఉండాలి. ఒక్క చీరకు దాదాపు 9,000 సార్లు చేయి ఆడాలి. రోజుకు రెండు చీరలకు పోస్తే 18,000 సార్లు! ఒక్కో చీరకు నాలుగైదు గంటలు పట్టేది. లెక్క తప్పకుండా కళ్లు దారం మీదే ఉండాలి. ఈ పని ఎక్కువగా ఆడవాళ్లదే. మగ్గం దగ్గర కూర్చున్నాయన్ని నేతగాడు అన్నారు. ఆసు పోసినామెకు మాత్రం ఏ పేరూ పెట్టలేదు.

మల్లేశం గారి అమ్మ లక్ష్మి గారు రోజూ ఆసు పోసేది. భుజం, మోచేయి విపరీతంగా నొప్పి పుట్టేవి. ఇక ఈ పని నా వల్ల కాదన్నది. కానీ ఆసు ఆగితే మగ్గం ఆగుతుంది. మగ్గం ఆగితే ఇల్లెలా గడుస్తుంది?

మల్లేశం గారు ఆరో తరగతితో చదువు మానేశారు. 1992లో యంత్రం పని మొదలుపెట్టారు. యంత్రమంతా ఒక్కసారే చేయాలని చూడలేదు. చేయి చేసే పనిని చూడండి. దారాన్ని అటు తీసుకుపోవడం ఒక కదలిక. మేకు చుట్టూ తిప్పడం ఇంకో కదలిక. పక్క మేకుకు జరగడం మరొకటి. ఆయన ఒక్కో కదలికనే పట్టుకున్నారు. ఒకటి కుదిరాకే ఇంకోదాని పని పట్టారు.

కుదరనివి చాలా ఉన్నాయి. చేతిలో డబ్బు అయిపోయింది. అప్పులయ్యాయి. ఊళ్లో నవ్వారు. నవ్వినవాళ్లకు కనిపించింది పనిచేయని యంత్రమే. కానీ పనిచేయని నమూనా కూడా ఒక సంగతి చెబుతుంది. దారం ఎక్కడ తెగింది? ఏ మేకు దగ్గర తప్పింది? అది తెలిస్తే ఆ ఒక్క ముక్కను మార్చుకుంటే చాలు. మిగతాదంతా అలాగే ఉంచొచ్చు.

1997లో ఆయన హైదరాబాదు వెళ్లి కరెంటు పనిలో చేరారు. సంపాదించిన దాంట్లోంచే యంత్రం మీద ఖర్చు పెట్టారు. చివరికి ఒక్క కదలిక మిగిలిపోయింది. 1999లో బాలానగర్‌లో పనికి వెళ్లినప్పుడు అక్కడొక యంత్రం కనిపించింది. అది ఆసు యంత్రం కాదు. కానీ అందులో ఒక భాగం ఆడే తీరు ఆయనకు కావలసినట్టే ఉంది. ఆ తీరును తన యంత్రానికి అమర్చుకున్నారు. ఆసు పడింది!

ఆ యంత్రానికి అమ్మ పేరే పెట్టారు, లక్ష్మీ ఆసు యంత్రం అని. దానితో ఒక చీరకు గంటన్నరలో ఆసు పోయొచ్చు. తర్వాత కూడా ఆయన దాన్ని మార్చుతూ, బాగుచేస్తూ వచ్చారు. 2017లో ప్రభుత్వం ఆయనకు పద్మశ్రీ ఇచ్చింది.

మాట్లాడుకోండి:

మీరు చేసే ఏ పనిలో చేయి, నడుము ఎక్కువ నొప్పి పుడతాయి? ఆ పనిలో చేయి ఎన్ని రకాలుగా కదులుతుంది? ఒక్కో కదలికను పలక మీద రాయండి. అందులో ఏ ఒక్క కదలిక తగ్గినా మీకు సుఖంగా ఉంటుంది? దానికి కర్రపుల్లలు, తాడు, పాత డబ్బాలతో ఏం చేసి చూడొచ్చు?