పచ్చి మట్టలు కొట్టకు

చిరంజీవి శ్రీనుకు,

తాళ్లు గీయడం నేర్చుకుంటున్నావని అమ్మ చెప్పింది. చాలా సంతోషం. పందిరి కోసం గీసే చెట్ల మట్టలే కొట్టేద్దామనుకుంటున్నావట, అది మాత్రం ఆపు.

లొట్టిలో పడేది వేళ్లు పైకి తోసిన నీళ్లని మనవాళ్లలో కొందరు అనుకుంటారు. నీళ్లు వేళ్లవే, తీపి మాత్రం ఆకుది. ఎండలో ఆకు చేసుకున్న చక్కెర పోషక కణజాలంలోని సన్నటి గొట్టాల్లోకి చేరుతుంది. అక్కడ చిక్కబడేకొద్దీ పక్కనున్న, వేళ్ల నీటిని మోసే దారువు నుంచి నీళ్లు వచ్చి చేరి, గొట్టం బిగుస్తుంది. అవతలి కొసన వేరో పూతో ఆ చక్కెరను వాడుకుంటుంది కాబట్టి అక్కడ బిగువు తక్కువ. రసం అటే నడుస్తుంది. ఎర్న్‌స్ట్ మ్యూంష్ అనే జర్మన్ శాస్త్రవేత్త 1930లో చెప్పిన సంగతి ఇది. చాలా మొక్కల్లో ఈ రసం గంటకు దాదాపు మీటరు దూరం పోతుంది. (పాఠంలా ఉందంటావేమో, పాత అలవాటు.)

నువ్వు గెల కొస గీయగానే అక్కడ బిగువు పూర్తిగా పోతుంది, పూతకు వెళ్లాల్సిన రసం లొట్టిలోకి కారుతుంది. కానీ చెట్టు ఊరుకోదు. ఆ గొట్టాల మధ్య జల్లెడలాంటి అడ్డుగోడలుంటాయి. గాయమైతే వాటి రంధ్రాలను కాలోజ్ అనే పదార్థంతో పూడ్చుకుంటుంది. అందుకే పొద్దునా సాయంత్రం మళ్లీ గీయాల్సి వస్తుంది. కత్తి పదునుగా పెట్టుకుని, కాగితమంత పల్చగా గీయి. మందంగా కోస్తే గెల త్వరగా అయిపోతుందే తప్ప రసం పెరగదు.

ఎక్కడానికి సులువని మానుకు గాట్లు కూడా పెట్టకు. మామిడికి ఈ గొట్టాలు బెరడు లోపలి పొరలో ఉంటాయి, చుట్టూ ఒలిచేస్తే వేళ్లకు తిండి అందక చెట్టు చస్తుంది. తాటికి అవి మానంతా చెదిరి ఉంటాయి కనుక ఒక గాటుకే చావదు, కానీ ఆ గాటు ఎన్నేళ్లకూ పూడదు. మోకు వేసుకునే ఎక్కు.

పందిరికి గీయని చెట్ల నుంచి ఒక్కోదానికి రెండు మూడు మట్టలు తీసుకో. గీసే చెట్టుకు తీపినిచ్చేది పచ్చి మట్టే, దాన్ని ముట్టకు; ఎండి వేలాడేవైతే ఫరవాలేదు. నీరా కావాలంటే లొట్టి లోపల సున్నం పూయి, లేకపోతే దించేలోపే పులిసి కల్లవుతుంది.

ఆశీస్సులతో,
పెదనాన్న