కల్యాణమండపంలో సౌండ్ ప్రాసెసర్: ఈక్వలైజర్ చివరి పని

కల్యాణమండపానికో ఆడిటోరియానికో కొత్త సౌండ్ ప్రాసెసర్ బిగించగానే చాలామంది కుర్రాళ్లు ల్యాప్‌టాప్ తెరిచి ఈక్వలైజర్ గీతల్ని పైకీ కిందికీ లాగడం మొదలుపెడతారు. తెర మీద ముందు కనిపించేది అదే కనుక చెయ్యి అటే పోతుంది. నా మాట వింటే ఆ పనిని అన్నిటికంటే చివర పెట్టుకోండి. గెయిన్ కుదరని సిస్టంలో, టైము కలవని బాక్సుల మధ్య ఈక్యూతో ఎంత కుస్తీ పట్టినా చివరి వరుసలో వాళ్లకు మంత్రం స్పష్టంగా వినపడదు.

ముందు వైర్లు చూడండి. రెండు బాక్సుల్లో ఒకదానికి ప్లస్సు, మైనస్సు తారుమారైతే హాలు మధ్యలో బేస్ మాయమవుతుంది. ఆ లోటును ఈక్యూలో పెంచి పూడ్చబోతే ఊఫర్ మీద భారం పెరుగుతుందే తప్ప బేస్ రాదు. యాంప్లిఫయర్ నుంచి వైరు విప్పి, ఊఫర్‌కు ఒకటిన్నర వోల్టు సెల్లు ఒక్క క్షణం తాకించండి. సెల్లు ప్లస్సు బాక్సు ప్లస్సుకు తగిలినప్పుడు కోను ముందుకు రావాలి. కొన్ని మోడళ్లలో తయారీలోనే తిరగేసి ఉంటుంది, కాబట్టి బాక్సులన్నీ ఒకేలా కదులుతున్నాయా అన్నదే అసలు పరీక్ష. హారన్ డ్రైవరుకు మాత్రం సెల్లు తాకించకండి.

భోజనాల హాల్లో సీలింగ్ స్పీకర్లు 100 వోల్టుల లైను మీద ఉంటే ఆ అవుట్‌పుట్‌కు 80 హెర్ట్జ్ దగ్గర హైపాస్ ఫిల్టర్ పెట్టండి. అంతకంటే లోతైన బేస్‌ను ఆ చిన్న ట్రాన్స్‌ఫార్మర్లు తట్టుకోలేవు. శబ్దం బొంగురుపోతుంది, యాంప్లిఫయర్ వేడెక్కుతుంది.

ఇక గెయిన్. పెళ్లిలో దీనికి అసలు పరీక్ష గట్టిమేళం. అప్పటిదాకా పురోహితుడి గొంతు మెల్లగా నడుస్తుంటుంది కనుక మైకు గెయిన్ ఎత్తి ఉంటుంది. ముహూర్తం రాగానే సన్నాయి, డోలు ఒక్కసారిగా అదే మైకులోకి వచ్చిపడతాయి. అందుకని మామూలు మాటకు ప్రాసెసర్ ఇన్‌పుట్ మీటరు మైనస్ 20 దగ్గర ఆడేలా సర్దండి. పైన మిగిలిన ఆ 20 డెసిబెల్స్ వృథా కాదు, అది గట్టిమేళానికి ఉంచిన చోటు. ఇన్‌పుట్‌లో ఎర్ర దీపం వెలిగిందంటే అక్కడే శబ్దం పగిలిపోయినట్టు. తర్వాత అవుట్‌పుట్ ఎంత తగ్గించినా అది బాగుపడదు. అలాగని మీటరు మైనస్ 45 దగ్గర పడుకుంటే, ఆ తక్కువను యాంప్లిఫయర్‌లో పెంచాల్సి వచ్చి హాలంతా బుసబుసమంటుంది.

లిమిటర్‌ను ఊహతో పెట్టకండి, లెక్క కట్టండి. బాక్సు 8 ఓములు, నిరంతరం మోయగల శక్తి 400 వాట్లు అనుకుందాం. 400ను 8తో గుణిస్తే 3200, దాని వర్గమూలం సుమారు 56.6. ఆ బాక్సుకు అన్ని వోల్టులు దాటకూడదు. యాంప్లిఫయర్ గెయిన్ 32 డెసిబెల్స్ అయితే వచ్చిన వోల్టేజీని అది సుమారు 40 రెట్లు చేస్తుంది. అంటే ప్రాసెసర్ నుంచి 1.41 వోల్టులకు మించి పోకూడదు. అది సుమారు ప్లస్ 5 డీబీయూ. ఆర్‌ఎంఎస్ లిమిటర్ అక్కడ ఉండాలి. బాక్సు వెనక పెద్ద అక్షరాలతో ముద్రించిన 1600 వాట్ల పీక్ అంకెను ఈ లెక్కలోకి తెచ్చారంటే ఊఫర్ కాయిల్ కాలిపోతుంది. తయారీదారు లిమిటర్ అంకెలు ఇచ్చి ఉంటే అవే వాడండి. ఈ లెక్క యాంప్లిఫయర్ నాబ్ పూర్తిగా తెరిచి ఉన్నప్పటిది. సగం తెరిచి లెక్క కట్టి వదిలేస్తే, ఎవరో ఒకరోజు నాబ్ తిప్పగానే ఆ రక్షణ పోతుంది.

క్రాసోవర్‌కూ తయారీదారు చెప్పిన అంకెలే శరణ్యం. అవి దొరక్కపోతే సబ్‌ఊఫర్‌కు 80, 100 హెర్ట్జ్ మధ్య 24 డెసిబెల్స్ లింక్‌విట్జ్-రైలీతో మొదలుపెట్టవచ్చు.

పొడవైన హాలు అర్థమయ్యేలా వినిపించాలంటే డిలే సరిగ్గా ఉండాలి. ఇందులో పొరపాటును ఇంకే సెట్టింగూ దాచలేదు. మన హాళ్ల 30 డిగ్రీల వేడిలో శబ్దం సెకనుకు సుమారు 349 మీటర్లు వెళ్తుంది, తీగలో కరెంటు మాత్రం రెప్పపాటు కూడా ఆగదు. స్టేజి బాక్సులకు 18 మీటర్ల దూరంలో, నడిమి బాక్సుకు 4 మీటర్ల దూరంలో కూర్చున్న మనిషిని తీసుకోండి. తేడా 14 మీటర్లు, అంటే 40 మిల్లీసెకన్లు. నడిమి బాక్సును అంత ఆలస్యం చేసి, పైన మరో 10 కలపండి. ఆ 10 ఎందుకంటే, ముందు ఏ దిక్కు నుంచి వినిపిస్తే చెవి శబ్దాన్ని ఆ దిక్కుకే కడుతుంది. హెల్ముట్ హాస్ పరిశోధన తేల్చింది ఇదే. అలా పెడితే గొంతు నెత్తి మీది పెట్టెలోంచి కాక పెళ్లి పీటల దగ్గర్నుంచి వచ్చినట్టుంటుంది. నడిమి బాక్సు ఆపితేనే అది మోగుతోందని తెలియాలి, అంత వాల్యూమ్ చాలు.

ఇప్పుడు ఈక్యూ. మాట మైకులన్నిటికీ 100 హెర్ట్జ్ హైపాస్ పెట్టండి. గెయిన్ నెమ్మదిగా పెంచుతూ మైకు ఎక్కడ కూయబోతుందో పట్టుకుని, ఆ స్వరాన్ని సన్నగా 3 డెసిబెల్స్ కోయండి. మూడు నాలుగు కోతలతో ఆగండి. ఇంకా కోస్తే కూత తగ్గకపోగా గొంతు పీలగా మారుతుంది. తెరిచి ఉన్న మైకులు రెట్టింపైన ప్రతిసారీ కూతకు ముందు దొరికే గెయిన్ 3 డెసిబెల్స్ తగ్గుతుంది. వాడని మైకు మూసేస్తే ఏ ఫిల్టరూ ఇవ్వని మేలు జరుగుతుంది. ఆటోమిక్సర్ ఉంటే సభలకు వాడండి. పురోహితుడి మైకుకు గేటు మాత్రం వద్దు, మంత్రంలో మొదటి అక్షరం తెగిపోతుంది. గాజు, గ్రానైటు గోడల ప్రతిధ్వని ఈక్యూతో పోదు. బాక్సును గోడ వైపు నుంచి జనం వైపు వంచండి, యజమానిని తెరలు వేయించమనండి.

ఆరుబయట స్పీకర్లను వేరే జోనుగా విడదీయండి. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు బయట లౌడ్‌స్పీకర్ మోగకూడదు. మూసిన హాలు లోపలి వినియోగానికి మినహాయింపు ఉంది. కాబట్టి 10 కాగానే బయటి జోను ఒక్కటే ఆగేలా టైమర్ పెట్టవచ్చు.

జనరేటరు మారే క్షణంలో ప్రాసెసర్ ఆగి మళ్లీ లేస్తే బాక్సులు ధన్‌మంటాయి. మిక్సరునూ ప్రాసెసరునూ యూపీఎస్ మీద ఉంచండి. ఆన్ చేసేటప్పుడు యాంప్లిఫయర్లు చివర, ఆపేటప్పుడు మొదట. మేనేజరు చేతికి మూడు ప్రీసెట్లు ఇవ్వండి, వాటికి పెళ్లి, సభ, కచేరీ అని తెలుగులోనే పేర్లు పెట్టండి. మిగతాదంతా పాస్‌వర్డుతో మూసి, ఫైలు కాపీ యజమానికి ఇచ్చి, అంకెలన్నీ కాగితం మీద రాసి రాక్ తలుపు లోపల అంటించండి.

కొటేషన్‌లో ట్యూనింగుకు వేరే పద్దు, అందులో రెండు రాకలు రాయండి. ఖాళీ హాల్లో పెట్టిన సెట్టింగు జనం నిండాక మారుతుంది, మనుషులూ బట్టలూ పై స్వరాలను పీల్చేస్తాయి. మొదటి ఫంక్షన్ రోజు వచ్చి సరిచూసే కూలిని ముందే అడిగి తీసుకోండి.