లిఫ్టు దిగేలోపే పని కానిచ్చేస్తోంది!

ప్రశ్న: మాది తెల్లాపూర్‌లో పదకొండో అంతస్తు ఫ్లాటు. రెండు నెలల లాబ్రడార్ పిల్లను తెచ్చుకున్నాం. కిందికి తీసుకెళ్లేలోపే లిఫ్టులో పోసేస్తోంది. దాని ముక్కు ఆ తడిలో రుద్దమంటున్నారు మా అత్తగారు. నిజమేనా?

జవాబు: అత్తగారి మాట ఇంకెందులోనైనా వినండి, ఇందులో వద్దు. ముక్కు రుద్దితే మీ కంటబడకూడదని మాత్రమే దానికి అర్థమవుతుంది. రేపట్నుంచి సోఫా వెనక్కి వెళ్లి పోస్తుంది. రెండు నెలల పిల్ల పగలు రెండు మూడు గంటలకు మించి ఆపుకోలేదు. పైగా పార్వో టీకాలు పూర్తయ్యేదాకా, అంటే దాదాపు నాలుగు నెలలు నిండేదాకా, వీధికుక్కలు తిరిగే చోట నేల మీద దించకూడదు కూడా. కాబట్టి ప్రస్తుతానికి లిఫ్టు మాట మరిచిపోండి.

బాల్కనీ మూల ట్రేలో పాత పేపర్లు పరవండి. గ్రిల్‌కి వల తప్పనిసరి. నిద్ర లేవగానే, తిన్న పావుగంటకు, ఆడుతూ ఆడుతూ నేల వాసన చూసి గుండ్రంగా తిరిగితే ఆ క్షణమే ఎత్తుకెళ్లి ట్రేలో నిలబెట్టండి. పని కాగానే అక్కడే, ఇంట్లోకొచ్చాక కాదు, చిటికెడు ఉడికిన చికెన్ పెట్టండి. తడిసిన పేపరు ముక్కొకటి కొత్తవాటి కింద ఉంచితే వాసనే దారి చూపుతుంది. ఇంట్లో పోసిన చోట ఫినాయిల్ వద్దు, పిల్ల నాకితే విషం. ఎంజైమ్ క్లీనర్ వాడండి.

రాత్రి ఒకసారి అలారం పెట్టుకుని లేవక తప్పదు. ఆ వంతు మీవారికివ్వండి.