పెరటి తోటకు విత్తనముల ఎంపిక

విత్తొకటి వేసిన చెట్టొకటి మొలవదని మన పెద్దలు చెప్పుదురు. ఎరువు చాలనిచో మరల వేయవచ్చును. నీరు తక్కువైనచో మరునాడు పోయవచ్చును. విత్తనము చెడినచో మాత్రము ఆ కారు మొత్తము పోయినట్లే. కావున పెరటిలో కూరగాయలు పండింపగోరువారు మొదట విత్తనమును గూర్చి తెలిసికొనవలెను.

కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంతములలో పుంటికూరను ఉర్దూ మాట్లాడు ఇండ్లలో అంబాడా అందురు. గోకరకాయను గవార్ అందురు. పేర్లు రెండు, విత్తనము ఒక్కటే. ఇట్టి విత్తనములు అంగడిలో కొనకయే ఇరుగుపొరుగుల నడుమ చేతులు మారుట మన పల్లెల ఆచారము. నేడు రంగుల పొట్లము ఆ స్థానమును ఆక్రమించుచున్నది.

ఇచట మూడు మాటలను వేరుపరచి చూడవలెను. రసాయనములు వాడక పెంచిన తల్లిమొక్క నుండి తీసినది సేంద్రియ విత్తనము. తరతరములుగా ఒకే గుణముతో వచ్చుచున్నది దేశవాళీ విత్తనము. రెండు వేరు వంగడములను కలిపి పుట్టించినది సంకర విత్తనము. సంకరము మొదటి కారున బాగుగా కాయును. దాని గింజలను తిరిగి నాటినచో మొక్కలన్నియు ఒకే తీరుగా రావు. కనుక ఏటేట కొనక తప్పదు. దేశవాళీ అయినంత మాత్రమున సేంద్రియము కాదు. సంకరమైనంత మాత్రమున విషము కాదు. మన విత్తనము మన యింటనే నిలువవలెనన్నచో మాత్రము సంకరమును విడువవలసినదే.

పరిశోధనాలయములు ఇచ్చిన సూటి రకములు కూడ ఉన్నవి. టమాటలో పూసా రూబీ, పల్లాకు తెగులును తట్టుకొనుటకై బెంగళూరు ఉద్యాన పరిశోధన సంస్థ రూపొందించిన బెండ రకము అర్క అనామిక ఇట్టివే. వీని గింజలను దాచుకొని మరల వేసికొనవచ్చును.

పొట్లము కొనునపుడు పరీక్ష జరిపిన తేదీ, మొలక శాతము, మందు పూసిరా లేదా అను విషయము చదువవలెను. గులాబి రంగు పూత యున్న గింజలకు సాధారణముగా శిలీంధ్రనాశిని పట్టించియుందురు. సేంద్రియ విత్తనము దొరకనిచో మందు పూయని గింజనైనను ఎంచుకొనుట మేలు.

నాటుటకు ముందు ఇరువది గింజలను తడిగుడ్డలో చుట్టి వారము దినములు ఉంచి లెక్కింపవలెను. ధృవీకృత విత్తనమునకు టమాట, వంకాయలలో 70, బెండలో 65, మిరపలో 60 శాతము కనీస మొలకగా నిర్ణయింపబడినది. ఇరువదింట పదునాలుగు టమాట గింజలైనను మొలకెత్తనిచో ఆ పొట్లమును నమ్మరాదు.

విత్తనము దాచుట నేర్వగోరువారు టమాట, చిక్కుడులతో మొదలుపెట్టవలెను; అవి తమ పుప్పొడితోనే కాయలు కట్టును. బీర, సొర తీగలకు తేనెటీగలు, రెక్కల పురుగులు పరాయి పుప్పొడి తెచ్చును. కావున మరునాటికో సాయంత్రమునకో విచ్చు ఆడ, మగ మొగ్గలకు ముందే గుడ్డసంచి కట్టి, విచ్చిన వెంటనే చేతితో పుప్పొడి అద్ది, ఆడపూవుకు మరల సంచి కట్టవలెను. తెగులు సోకని మొక్కపై నిండుగా పండిన కాయనే విత్తనమునకు విడువవలెను. చివరి పిందెలను వాడరాదు. గింజలను నీడన ఆరబెట్టి, బూడిద కలిపి, తేమ తగులని చోట దాచవలెను. ఉల్లి గింజ ఏడాది దాటిన మొలకశక్తి కోల్పోవును.

ఇది అసాధ్యమైన పని కాదు. పొరుగున జహీరాబాదు వద్ద పస్తాపూరులో 1983లో ఏర్పడిన డక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీకి చెందిన మహిళా సంఘములు గ్రామ విత్తన నిధులను నడిపినవి. అక్షరములు రాని దళిత స్త్రీలు సయితము అందు విత్తన సంరక్షకులైరి. ఆ సంస్థకు 2019లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమము వారి ఈక్వేటర్ బహుమతి లభించినది. 2001 నాటి మొక్కల రకముల పరిరక్షణ, రైతుల హక్కుల చట్టము కూడ విత్తనమును దాచుటకు, మార్చుకొనుటకు రైతుకు హక్కు నిచ్చినది. వాడని హక్కు కాగితముననే మిగిలిపోవును.

విద్యార్థి సోదర సోదరీమణులారా! ఈ సెలవులలో మీ నాయనమ్మను, మీ దాదీని అడిగి ఒక్కొక్క గుప్పెడు గింజలు తెండు. తెచ్చిన గింజ పేరును రెండు భాషలలోను, ఊరిని, తీసిన నెలను పొట్లముపై వ్రాయుడు. కళాశాల కమిటీ వారు ఒక బీరువాను, ఆవరణమున నాలుగు మళ్లను కేటాయించిన చాలును. ఆ గింజల గుణము తెలిసిన పెద్దలు మన నడుమ ఉండగనే ఈ పని జరుగవలెను.