కిడ్నీ జబ్బు: నొప్పి వచ్చేదాకా ఆగవద్దు

"నొప్పి ఏమీ లేదు సిస్టరమ్మా, మూత్రం బాగానే వస్తోంది. ఇంక కిడ్నీ జబ్బేమిటి?" వార్డులో మేము తరచుగా వినే మాట ఇది. ఈ జబ్బుతో వచ్చిన చిక్కే అది. చాలాకాలం నొప్పి ఉండదు.

మూత్రపిండాల పని

పిడికిలంత ఉండే ఈ రెండు అవయవాలు రోజుకు సుమారు 180 లీటర్ల ద్రవాన్ని వడపోస్తాయి. కావలసినదంతా తిరిగి రక్తంలోకి పంపి, 1 నుండి 2 లీటర్లు మాత్రమే మూత్రంగా వదులుతాయి. వాటి పని సగం తగ్గినా మనకు తెలియకపోవచ్చు. కాళ్ల వాపు, ఆకలి లేకపోవడం, ఆయాసం కనిపించేసరికి చాలా నష్టం జరిగిపోతుంది.

ఎవరికి వస్తుంది?

షుగరు, బి.పి. ముఖ్య కారణాలు. అయితే శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో, అంటే కవిటి, సోంపేట, పలాస వైపు కొబ్బరి, జీడి తోటల ప్రాంతంలో, ఇవి లేని రైతులకు, కూలీలకు కూడా వస్తోంది. ఎన్నో పరిశోధనలు జరిగినా కారణం ఇదీ అని తేలలేదు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధనా కేంద్రం ప్రారంభమయ్యాయి. కారణం ఏదైనా, ముందుగా పట్టుకునే దారి పరీక్షే.

మూడు పరీక్షలు

1. బి.పి. చూపించుకోవడం.
2. మూత్రంలో అల్బుమిన్.
3. రక్తంలో క్రియాటినిన్. దీనితో కిడ్నీల పనితీరును లెక్కిస్తారు. ఆ అంకె 3 నెలలకు మించి 60 కంటే తక్కువ ఉంటే దీర్ఘకాలిక జబ్బు. 15 కంటే తగ్గితే డయాలసిస్ అవసరం కావచ్చు.

షుగరు, బి.పి. ఉన్నవారు, ఇంట్లో ఎవరికైనా కిడ్నీ జబ్బు ఉన్నవారు ఏడాదికి ఒకసారి ఇవి తప్పక చేయించుకోవాలి.

ఇంట్లో పాటించవలసినవి

* ఉప్పు మనిషికి రోజుకు ఒక టీ చెంచా (5 గ్రాములు) మించరాదు. పచ్చళ్లు, అప్పడాలు, ఎండుచేపలలోని ఉప్పు కూడా ఈ లెక్కలోదే.
* ఒళ్లు నొప్పులకు డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ వంటి మాత్రలు సొంతంగా కొని రోజుల తరబడి వాడవద్దు. భస్మాలు, ఊరూపేరూ లేని నాటుమందులు అసలే వద్దు.
* ఎండలో పనిచేసేవారు దాహం వేసేదాకా ఆగకుండా నీళ్లు తాగుతుండాలి.
* జబ్బు ఉందని తేలినవారికి మాత్రం నీళ్ల కొలత డాక్టరుగారే చెప్పాలి. చలువ చేస్తుందని కొబ్బరినీళ్లు ఇవ్వకండి. అందులోని పొటాషియం రక్తంలో పెరిగితే గుండెకే ప్రమాదం.
* బి.పి. మామూలుగా ఉందని మాత్రలు మానవద్దు. అవి వేసుకోవడం వల్లే అది అదుపులో ఉంది.

పాడైన కిడ్నీని మునుపటిలా చేయడం కష్టం. మిగిలినదాన్ని కాపాడుకోవడం మాత్రం చాలావరకు మన చేతిలో ఉంది. ఈసారి ఆసుపత్రికి వచ్చినప్పుడు "నాకు ఈ మూడు పరీక్షలు అయ్యాయా?" అని మమ్మల్ని అడగండి. ఇంట్లో పెద్దవాళ్లను కూడా వెంట తీసుకురండి.